నాయిన ఎడమ చెవి

మొన్న మా స్కూల్లో లెక్కల టీచర్ రిటైరైతే, విందు శామీర్‌పేట దాటాక ఎక్కడో ఒక రిసార్టులో పెట్టారు. తిరిగి వచ్చేటప్పుడు చెరువు దగ్గర బండి ఆపమన్నాను. "ఈడ ఏమున్నది మేడం, ఫొటోలు దిగెటోళ్ళు తప్ప" అంటూనే ఆపాడు డ్రైవర్. నాతోపాటు దిగిన సైన్స్ టీచర్ పది అడుగులు నడిచిందో లేదో, నవ్వుతూ అడిగింది: "మీరు ఎవరితో నడిచినా కుడిపక్కకే వస్తారు, ఎందుకండీ? ఇందాకటి నుంచి చూస్తున్నాను. నేను అటు జరిగితే మీరూ అటే వస్తున్నారు." నిజమే. నాకు యాభై దగ్గర పడుతున్నా ఆ అలవాటు పోలేదు. అది మా అమ్మ దగ్గర్నుంచి వచ్చింది. మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ, చివరికి మా చెల్లెలికి కూడా, నాయిన పుణ్యమా అని వచ్చింది. ఆమెకు ఏదో చెప్పి తప్పించుకున్నాను గానీ, ఇంటికి చేరేదాకా నా మనసు కౌకూర్ క్వార్టర్లలోనే ఉండిపోయింది.

నాయిన పటాలంలో హవల్దార్. తోపుల దగ్గర, అంటే ఫిరంగుల దగ్గర పని. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన మా సిద్దిపేట వైపు ఊరికి ఏడాదికోసారి ఆకుపచ్చ ట్రంకు పెట్టెతో దిగి, రెండు నెలలుండి, మళ్ళీ మంచుకొండలకు వెళ్ళిపోయే మనిషి. వచ్చినప్పుడు నాకు ఉన్ని స్వెట్టరూ, అవ్వకు అక్రోట్లూ తెచ్చేవాడు. సిద్దిపేట ఎండల్లో ఆ స్వెట్టరు ఎప్పుడు వేసుకోవాలో ఎవరికీ తెలిసేది కాదు. నాకు పన్నెండేళ్ళు నడుస్తుండగా ఆయనకు బొల్లారం వైపు బదిలీ అయింది. కౌకూర్ దగ్గర రెండు గదుల క్వార్టర్ ఇచ్చారు. అమ్మా, అవ్వా, నేనూ, ఐదేళ్ళ మా చెల్లెలు స్వప్నా సామాను సర్దుకుని వచ్చేశాం. అందరం ఒక కప్పు కింద ఉండడం అదే మొదటిసారి. స్వప్నకు నాయిన కొత్త మనిషి. మొదటి వారం రోజులు ఆయన గదిలోకి వస్తే ఇది అమ్మ కొంగు వెనక్కి పోయేది. ఆయన డ్యూటీకి వెళ్ళగానే "ఆ సార్ మళ్ళెప్పుడొస్తడు?" అని అడిగేది. అమ్మకు నవ్వొచ్చేది. నాయిన విన్న రోజున మాత్రం నవ్వలేదు.

ఆ కొత్తదనం పోగొట్టడానికే అనుకుంటాను, ఆయన ఐతారం ఐతారం మమ్మల్ని ఎక్కడికో ఒకచోటికి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. శనివారం సాయంత్రం వరండాలో పాత పేపరు పరిచి తన బూట్లతోపాటు మా అందరి చెప్పులూ వరుసగా పెట్టుకుని కూర్చునేవాడు. అవ్వ తోలు చెప్పులకు కూడా పాలిష్ పెట్టేవాడు. "నా చెప్పులకు రంగెందుకురా, నేనేమన్న కవాతు చేస్తనా?" అని అవ్వ వీధి చివరిదాకా వినబడేలా అరిచేది. అవ్వ మాటే అంత. పక్కనే కూర్చున్న మనిషితో కూడా పొలం అవతలి గట్టున ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడేది. ముసలిదానికి చెవుడు అనుకునేవాళ్ళు క్వార్టర్లలో అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. బూట్ పాలిష్ వాసన, అమ్మ పొయ్యి మీద పులిహోరకు వేసే పోపు వాసన కలిసి ఒక వాసనయ్యేది. ఇప్పటికీ ఎక్కడైనా చెప్పులు కుట్టే మనిషి ముందునుంచి నడిస్తే నాకు ఆకలేస్తుంది.

పొద్దున ఆరున్నరకల్లా అందరం తయారుగా నిలబడాలి. "జల్దీ జల్దీ, బస్సు మనకోసం ఆగదు" అని నాయిన హడావుడి చేస్తుంటే, అవ్వ మాత్రం తీరిగ్గా తమలపాకు మీద సున్నం రాసుకునేది. నడుచుకుంటూ పోయి, బస్సెక్కి, మెయిన్ రోడ్డు మీద దిగి, ఇంకో ఎర్రబస్సెక్కి శామీర్‌పేట పోయేవాళ్ళం. బస్సులో నాయిన ఎప్పుడూ ఎడమ కిటికీ పక్కనే కూర్చునేవాడు. గాలి కోసమని మేం అనుకునేవాళ్ళం. చెరువు దగ్గర ఆయన కళ్ళు చిన్నపిల్లాడివి అయిపోయేవి. "ఇంత నీళ్ళు మనుషులే కట్టకట్టి ఆపిన్రు బిడ్డా, నిజాం కాలంల" అని చూపించేవాడు. అడుగులు లెక్కపెట్టి దూరం ఎలా కొలవాలో, ఎండను బట్టి దిక్కు ఎలా తెలుసుకోవాలో నేర్పించేవాడు. మేం కొలుస్తూ పోతుంటే అమ్మ మధ్యలో ఆపి ఉడకబెట్టిన గుడ్లు ఒలిచి చేతిలో పెట్టేది. ఎండాకాలం ముందు ఒకసారి మేడ్చల్ వైపు ద్రాక్షతోటకు పోయాం. అప్పట్లో అటంతా తోటలే. తీగల పందిళ్ళ కింద చల్లగా, తియ్యగా, మందు కొట్టిన వాసన కూడా కొంచెం కలిసి ఉండేది. తోటాయన ఒక్కో గుత్తి కోసి ఇస్తుంటే స్వప్న మొహమంతా జిగురు చేసుకుంది. ఇప్పుడు అటు పోతే తోటలు లేవు, గేట్లున్న విల్లాలున్నాయి. వాటి పేర్లలో మాత్రం తోటలున్నాయి. అక్కడుండే పిల్లలకు ఏసీ కార్లున్నాయి, కొంపల్లిలో సినిమా హాళ్ళున్నాయి. వాళ్ళకు ఏమీ తక్కువైందని నేను అనను. మాకు మాత్రం ఐతారం అంటే నాయిన. ఆయన మాకు దొరికేదే ఆ ఒక్కరోజు.

నాయిన చెవి సంగతి నాకు శామీర్‌పేటలోనే తెలిసింది. మూడోసారో నాలుగోసారో పోయినప్పుడు. అమ్మనూ, అవ్వనూ, స్వప్ననూ ఇవతలే ఆపి, ముందు నన్ను తీసుకుని రోడ్డు దాటుతున్నాడు. సగం రోడ్డు దాటాం. ఎడమ వైపు నుంచి ఇసుక లారీ ఒకటి హారన్ మీద చెయ్యి తియ్యకుండా వస్తోంది. నాయిన ఎదురుగా ఉన్న నీళ్ళను చూస్తూ ఏమీ ఎరగనట్టు నడుస్తున్నాడు. నేను చొక్కా పట్టి వెనక్కి గుంజాను. లారీ గాలికి నా రిబ్బన్ ఎగిరిపోయింది. లారీవాడు తల బయటపెట్టి తిట్టుకుంటూ పోయాడు.

"నాయినా, హారన్ ఇనబడలేదా?" అన్నాను.

"ఇనబడ్డది. సూస్తనే ఉన్న" అన్నాడు. కానీ ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. నా చెయ్యి వదల్లేదు.

ద్రాక్షతోటలో పరీక్ష పెట్టాను. ఆయన పందిరి గుంజకు ఆనుకుని తోటాయనతో మాట్లాడి, ఒక్కడే ఉన్నప్పుడు, ఎడమ పక్కగా రెండడుగుల దూరంలో నిలబడి మెల్లగా "నాయినా" అన్నాను. తిరగలేదు. ఇంకోసారి అన్నాను. తిరగలేదు. కుడివైపు పోయి అదే గొంతుతో పిలిచాను. "ఏంది బిడ్డా" అన్నాడు వెంటనే.

ఆ సాయంత్రం అమ్మకు చెప్పాను. బియ్యంలో రాళ్ళేరుతున్న అమ్మ చాట కిందపెట్టి నా మణికట్టు పట్టుకుంది. "ఎవ్వరికన్న చెప్పినవా?" అంది. లేదన్నాను. అప్పుడు చెప్పింది. మంచుకొండల్లో ఉన్నప్పుడు తోపు పక్కనే ఏదో పేలిందట. అప్పటి నుంచి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడిది ఫర్వాలేదు గానీ, చప్పుడు ఎటు నుంచి వస్తోందో ఆయనకు తెలియదట. ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే తోపుల దగ్గర నుంచి తీసేస్తారు, నాయబ్ సుబేదార్ ప్రమోషన్ ఆగిపోతుంది. పదహారేళ్ళుగా ఇద్దరూ దానికోసమే చూస్తున్నారు. ఇంకొన్ని నెలల్లో డాక్టరు పరీక్ష ఉంది. అది దాటితే భుజం మీద చుక్క పడుతుంది. "అందాక నోరు మూస్కో" అంది అమ్మ. తర్వాత కాస్త ఆగి, "నువ్వు కూడ నాయినకు కుడిపక్కకే నడువు" అంది.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో నాయినే నాకు చెప్పాడు. నాకు తెలిసిపోయిందని తనకు తెలిశాక నన్ను తన జట్టులో కలుపుకున్నాడు. డాక్టరు వెనక పది పదిహేనడుగుల దూరాన నిలబడి గుసగుసగా అంకెలు చెబుతాడు. ఒక చెవి అరచేత్తో మూసుకుని, రెండో చెవితో విని అవే తిప్పి చెప్పాలి. ఇక మా ఐతారాలకు కొత్త పని దొరికింది. చెరువు గట్టున, బండల మీద, ఎక్కడ ఎవరూ లేకపోతే అక్కడ నాయిన వీపు తిప్పి నిలబడేవాడు. నేను వెనక నుంచి "నలభై ఏడు... పంతొమ్మిది" అని గుసగుసలాడేదాన్ని. ఎన్నిసార్లు చేసినా ఎడమ చెవిది సున్నాయే. చివరికి ఉపాయం నేనే కనిపెట్టాను. మంచి చెవిని అరచేత్తో మూసినట్టే మూసి, చిటికెన వేలు పక్కన సన్నటి సందు వదలాలి. మొదటిసారి చేసినప్పుడు పదికి ఎనిమిది చెప్పాడు. నన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. "నా బిడ్డ బ్రిగేడియర్!" అన్నాడు. నా జీవితంలో మొదటి మోసం అదే. అంత గర్వం నాకు ఆ తర్వాత ఏ పరీక్ష పాసైనా కలగలేదు.

పరీక్ష బుధవారం అనగా, ముందు ఐతారం కీసరగుట్టకు పోయాం. అవ్వ మొక్కుకుందట, కొడుకు గట్టెక్కితే శివయ్యకు కొబ్బరికాయ కొడతానని. ముందే కొట్టేద్దామంది. గుట్ట మీద గుడి చుట్టూ ఎక్కడ చూసినా ఆరుబయట లింగాలే. స్వప్న అన్నిటికీ దండం పెట్టబోయి, పదికే అలిసిపోయింది. నాయినకు గుడికంటే గుట్ట మీద తవ్వి బయటపెట్టిన పాత ఇటుక గోడలంటే ఇష్టం. అవి వెయ్యేళ్ళు దాటినవట. ఒక్కో ఇటుక మీద జానపెట్టి కొలిచి, "సూడు, ఇప్పటి ఇటుకలకు రెండింతలు. ఎవల చేతులు జేసినయో" అన్నాడు. లైను పెద్దగా ఉండడంతో అమ్మా, అవ్వా, నేనూ దర్శనానికి పోయాం. స్వప్న కాళ్ళు నొప్పి అంటే దాన్ని నాయిన దగ్గర వదిలాం. అంటే, వదిలామని మేం అనుకున్నాం. అది మా వెంటే వచ్చిందని ఆయన అనుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి నాయిన గుడి మైకు మోగుతున్న వైపు కుడి చెవి పెట్టి, ఒక గోడ మీద కూర్చుని పల్లీలు ఒలుచుకుంటున్నాడు. పొట్టు ఒక కుప్పగా, గింజలు పేపరులో మా కోసం ఒక కుప్పగా పెట్టాడు.

"స్వప్న ఏది?" అంది అమ్మ.

"మీ ఎంబడి రాలే?" అన్నాడు లేస్తూ.

అప్పుడు నాకు వినబడింది. ఆయన ఎడమ పక్కన, సరిగ్గా పది అడుగుల దూరంలో, రెండు పెద్ద బండల మధ్య నుంచి సన్నగా గీరుకుపోయిన గొంతు. అరిచి అరిచి ఇంక అరవలేక వచ్చే శబ్దం. పరుగెత్తాం. స్వప్న మోకాలు బండల సందులో ఇరుక్కుపోయింది. తన చేతిలోని బిస్కెట్ల పొట్లం కోతి లాక్కుంటే, భయపడి వెనక్కి జారిందట. గింజుకుని గింజుకుని మోకాలు చుట్టూ చర్మం లేచిపోయింది. మొహమంతా చీమిడీ దుమ్మూ. నాయిన బోర్లా పడుకుని బండ సందులోకి చేతులు పెట్టాడు గానీ కాలు రాలేదు. "సల్ల పొయ్యిన్రి, జారుతది" అని అవ్వ అరిచింది. అమ్మ డబ్బాలో తెచ్చిన చల్లంతా పోసింది. నాయిన మెల్లగా మోకాలు తిప్పి బయటికి తీశాడు.

దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. దాని ఏడుపు కాస్త తగ్గాక, వెక్కిళ్ళ మధ్య అడిగింది:

"నాయినా, నేను మస్తుసార్లు పిలిచిన. నువ్వు ఇటు సూడనే సూడలే. నా మీద కోపమొచ్చిందా?"

మేం కౌకూర్ వచ్చి ఎనిమిది నెలలైంది. అది "సార్" అనడం మానేసి చాన్నాళ్ళైంది. అయినా అంత గట్టిగా, అంత అవసరంలో నాయినా అని పిలిచింది ఆ రోజే అయి ఉంటుంది. పిలిస్తే ఆయన పలకలేదు. "లేదు బిడ్డా, కోపం కాదు. నాకు ఇనబడలే" అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం మేం ఎవరమూ అంతకుముందు వినలేదు. దుమ్ము పట్టిన చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు. నేను అటు తిరిగి, కింద చెదిరిన పల్లీలు ఏరాను.

మర్నాడు పొద్దున్నే యూనిఫాం వేసుకుని వంటగది గుమ్మం దగ్గరికి వచ్చాడు. అమ్మ ఉప్మా కలుపుతోంది. "బుధారం దాక ఆగ. ఇయ్యాలనే పోయి సాబ్‌కు చెప్త" అన్నాడు.

అమ్మ గరిటె ఆపలేదు. "ఇంక రెండు దినాలు. రెండే. పిల్ల కాలు బాగైతది. సుబేదార్ పెండ్లాం అనిపించుకోవాలని నాకుండదా? పదారేండ్లు మీ ఊర్ల ఒక్కదాన్నే సంసారం ఈదిన. మా అన్నలందరికి చెప్పుకున్న."

"తోపు కాడ నాతోని ఐదుగురు పిల్లగాండ్లు పని జేస్తరు విజయా. ఎవడన్న ‘ఆపు’ అని ఒర్రితే నాకు ఇనబడకపోతే ఎట్ల? స్వప్నకు మోకాలే గీరుకపోయింది. ఆళ్ళకు?"

ఉప్మా మాడిన వాసన వచ్చింది. నాయిన తినకుండానే వెళ్ళిపోయాడు. మూలన కూర్చుని అంతా చూస్తున్న అవ్వ, ఆయన గేటు దాటాక, నేనెప్పుడూ వినని మెత్తని గొంతుతో అంది: "పోనియ్యి విజయా. వాడు మంచిగనే జేసిండు." నేను ఉలిక్కిపడి చూశాను. "నీకు మెల్లగ మాట్లాడొచ్చా అవ్వా?" అన్నాను. "నాకేమైందే? నాకు చీమ నడిసినా ఇనొస్తది. చెవి పోయినంక మొదటిపారి సుట్టీల వచ్చిన్నాడే తెలిసింది నాకు, నా కొడుక్కు ఇనొస్తలేదని. నలుగుట్ల వాణ్ని అడిగితే సిగ్గుపడతడని నేనే గొంతు పెంచిన" అంది. అమ్మ గరిటె పొయ్యి గట్టు మీద పెట్టి అవ్వ పక్కన కూలబడింది. ఒకరికొకరు తెలియకుండా ఇద్దరూ అన్నేళ్ళూ ఒకే సంగతి దాచిపెట్టారు.

నాకు మాత్రం కోపం వచ్చింది, నిజం చెప్పాలి. నా ఉపాయం, నా ఎనిమిది మార్కులు, అన్నీ మట్టిపాలు చేశాడనిపించింది. పటాలంవాళ్ళు నాయినకు ఏ శిక్షా వెయ్యలేదు. ఆస్పత్రిలో వారం రోజులు పరీక్షలు చేసి, తోపుల నుంచి తీసి స్టోర్లో వేశారు. చుక్క మా వరుసలోనే రెండిళ్ళ అవతలి ఆయనకు పడింది. వాళ్ళింట్లోంచి లడ్డూలు వచ్చాయి. నాయిన రెండు తిని, బూట్లు తొడుక్కుని పోయి ఆయనకు సెల్యూట్ కొట్టి వచ్చాడు. అమ్మ లడ్డూ ముట్టలేదు. చాలా రోజులు నాయినతో అవసరమైన మాటలే మాట్లాడింది. స్కూల్లో "మీ నాయిన సుబేదార్ అయిండా?" అని అడిగితే నేను తల తిప్పుకుని పోయేదాన్ని. ఆ తర్వాత రెండు ఐతారాలు కడుపునొప్పి అని అబద్ధం చెప్పి బయటికి పోలేదు. నాయిన బలవంతం చెయ్యలేదు. స్వప్నను ఒక్కదాన్నే తీసుకుపోయాడు. సాయంత్రం తిరిగి వచ్చి, చెరువు దగ్గర ఏ పిట్ట ఎలా ఎగిరిందో ఇద్దరూ చేతులు ఊపుతూ చెబుతుంటే, చదువుతున్నట్టు నటిస్తూ అంతా విన్నాను. మూడో ఐతారం నాకంటే ముందు నా చెప్పులు మెరుస్తూ గుమ్మంలో ఉన్నాయి. వేసుకుని నడిచాను.

నాయిన ఇంకో మూడేళ్ళకు హవల్దార్‌గానే బయటికి వచ్చాడు. నాగారంలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. అప్పుడు అది ఊరు, ఇప్పుడు మున్సిపాలిటీ. ఒక స్కూల్లో పిల్లలకు డ్రిల్లు నేర్పాడు. అవ్వ ఆ ఇంట్లోనే పోయింది. ప్రమోషన్ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. అమ్మ ఆయన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు, కానీ క్షమించిందని కూడా నాకు అనిపించలేదు. చుట్టాల పెళ్ళిళ్ళలో ఎవరైనా పటాలం ముచ్చట తీస్తే లేచి లోపలికి పోయేది.

స్వప్నను చూడడానికి వచ్చిన పిల్లవాడి తండ్రి కూడా పటాలం మనిషే. సుబేదార్‌గా దిగాడట. మీసం, నిటారు కూర్చోవడం చూస్తేనే తెలుస్తోంది. చాయ్ తాగుతూ, "మీరు ఏ ర్యాంకుల దిగిన్రు?" అని అడిగాడు. నాయిన "హవల్దార్" అన్నాడు, అంతే. పిల్లవాడి మేనమామ కప్పులోకి చూసుకున్నాడు. అమ్మ ఎప్పటిలాగే లోపలికి పోతుందనుకున్నాను.

అమ్మ గుమ్మం దగ్గర నుంచి ముందుకు వచ్చింది. "ఆయనకు చుక్క పడెటిదే అన్నా" అంది, కొంగు సర్దుకుంటూ. "ఒక్క చెవి ఇనబడదు. ఎవ్వరికీ తెల్వదు. రెండు దినాలు నోరు మూస్కోని ఊకుంటే అయిపోతుండె. నేను గూడ ఊకొమ్మన్న. ఈయననే ఇనలే. తన ఎంబడి ఉన్న పిల్లగాండ్లకు ఏమన్న అయితదని పోయి చెప్పిండు." గొంతులో ఫిర్యాదు లేదు. పక్కింటివాళ్ళకు కొడుకు పాసయ్యాడని చెప్పే గొంతు అది. నేను అమ్మ మొహంలోకి చూశాను, నాయిన నేలకేసి చూస్తున్నాడు. తర్వాత అమ్మ అందరి కప్పులూ చూసి, "ఇంకింత చాయ్ పొయ్యనా?" అని అడిగి వంటింట్లోకి నడిచింది.